డిలీట్ కాని ఫైలును తీసేయడం ఎలా? ముందు దాన్ని పట్టుకున్నది ఎవరో కనుక్కోండి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే బిల్డింగులో పై మూడు అంతస్తులూ పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టలే. అనంతపురం, కడప, నెల్లూరు నుంచి వచ్చి కోర్సులు నేర్చుకుంటూ ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లలే ఎక్కువ. నేను ఒక కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ పని చేస్తానని తెలిసినప్పటి నుంచి ఆదివారం పొద్దున ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని తలుపు తడతారు. ఎక్కువసార్లు వినే మాట ఒకటే: "అన్నా, ఈ ఫోల్డర్ ఎంత కొట్టినా డిలీట్ కావడం లేదు."

మొన్న వచ్చిన అబ్బాయి మాత్రం ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే ఒక షాపులో చూపించాడట. వాళ్లు "వైరస్ ఉంది" అని చెప్పి మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చారు. బీటెక్ ప్రాజెక్టు, అక్క పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. అతను చెప్పిన లక్షణాలు చూస్తే అక్కడ వైరస్సూ లేదు, ఏమీ లేదు. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) ఒకటి ఆ ఫోల్డర్‌లో తెరిచి ఉంది, అంతే. దాన్ని మూసేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పని. ఇంకొకరికి అలా జరగకూడదని, నేను చేసే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. విండోస్ 10, 11 రెండిటికీ ఇది పనికొస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. డిలీట్ కాని ఫైలు మొండిది కాదు. దాదాపు ప్రతిసారీ దాన్ని ఏదో ఒక ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటుంది. రూము ఖాళీ చేయించాలంటే లోపల ఉన్నవాళ్లు సామాను తీసుకుని బయటికి రావాలి కదా, ఇదీ అంతే. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచేటప్పుడే, తను వాడుతుండగా మిగతావాళ్లు దాన్ని చదవొచ్చా, రాయొచ్చా, డిలీట్ చేయొచ్చా అన్నది చెప్పేస్తుంది. డిలీట్‌కు ఒప్పుకోకపోతే, ఆ ప్రోగ్రామ్ ఫైలును వదిలేదాకా విండోస్ మన మాట వినదు. ఈ పట్టునే హ్యాండిల్ అంటారు. లైనక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫైలు వాడకంలో ఉన్నా పేరు వెంటనే తీసేస్తుంది, చివరి ప్రోగ్రామ్ వదిలాక డిస్కులో జాగా ఖాళీ అవుతుంది. ఆఫీసులో లైనక్స్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి అంతగా తెలియకపోవడానికి కారణం ఇదే.

మొదటి పని: మెసేజ్ పూర్తిగా చదవండి

చాలామంది ఆ పెట్టె రాగానే క్యాన్సిల్ కొట్టి, మళ్లీ డిలీట్ కొట్టి, మళ్లీ క్యాన్సిల్ కొడుతుంటారు. అందులో ఏం రాసి ఉందని అడిగితే "ఏదో ఎర్రర్ అన్నా" అంటారు. మనం ఏ దారిలో వెళ్లాలో ఆ ఏదో ఎర్రరే చెబుతుంది.

"ఫైల్ ఇన్ యూజ్" లేదా "ఫోల్డర్ ఇన్ యూజ్" అని ఉంటే ఎవరో పట్టుకున్నారు. చాలాసార్లు ఏ ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందో పేరు కూడా అక్కడే ఉంటుంది. "యాక్సెస్ డినైడ్" అనో, ఫలానావారి పర్మిషన్ కావాలనో ఉంటే అది హక్కుల సమస్య. ఫైలు పేరు లేదా పాత్ (ఫైలు ఉన్న చోటి పూర్తి చిరునామా) మరీ పొడవుగా ఉందంటే దారి వేరు. ఫైలు కళ్లెదురుగా కనిపిస్తున్నా "ఈ ఐటమ్ దొరకలేదు" అంటే పేరులో తేడా ఉంది. "రైట్ ప్రొటెక్టెడ్" అంటే పెన్‌డ్రైవ్ లేదా మెమరీ కార్డు సంగతి. ఫోన్‌తో ఆ మెసేజ్‌ను ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత ఎవరినైనా అడగాల్సి వస్తే పనికొస్తుంది.

రెండో పని: కనిపించేవన్నీ మూసేయండి, కనిపించనివీ మూసేయండి

వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్ రీడర్, వీడియో ప్లేయర్, బ్రౌజర్ అన్నీ క్లోజ్ చేయాలని మీకు తెలుసు. సాధారణంగా ఇబ్బంది పెట్టేవి కంటికి కనిపించనివి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కుడివైపు ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే, మీరు ఫైలును సెలెక్ట్ చేయగానే అది లోపల ఉన్నది చూపించడానికి ఫైలును తెరుస్తుంది. అంటే మీరు డిలీట్ చేయడానికి క్లిక్ చేయడమే దాన్ని పట్టుకోవడం అవుతోంది. ఆల్ట్, పి కలిపి నొక్కితే ఆ పేన్ పోతుంది. పెద్ద వీడియోలకైతే చిన్న బొమ్మ తయారు చేయడానికి ఎక్స్‌ప్లోరర్ ఫైలును పట్టుకుంటుంది. వ్యూలో డీటెయిల్స్ పెట్టుకుంటే ఆ బొమ్మల పని ఉండదు.

ఎక్సెల్ ఒక్కోసారి విండో మూసినా వెనకాల నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసెస్‌లో బ్యాక్‌గ్రౌండ్ కింద అది కనిపిస్తే, సేవ్ చేయాల్సిందేమీ లేదని చూసుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ ఆ ఫైలును పైకి పంపుతుండవచ్చు. కింద గడియారం పక్కన దాని గుర్తు మీద నొక్కి సింక్‌ను కాసేపు పాజ్ చేయండి. యాంటీవైరస్ అప్పుడే ఫైలును స్కాన్ చేస్తుంటే ఒక నిమిషం ఆగడం తప్ప చేయాల్సిందేమీ లేదు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఇక్కడ కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లల సమస్యల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో గానీ, విఎస్ కోడ్ టెర్మినల్‌లో గానీ ఒక ఫోల్డర్ లోపలికి వెళ్లి కూర్చుంటే, అందులో ఏమీ నడపకపోయినా సరే, ఆ టెర్మినల్ ఫోల్డర్‌ను పట్టుకునే ఉంటుంది. "లోపల ఏమీ లేదు, ఖాళీ ఫోల్డరే, అయినా పోవట్లేదు" అనే మాట వింటే నేను ముందు వెతికేది దీన్నే. టెర్మినల్ మూసేయండి, లేదా ఒక ఫోల్డర్ వెనక్కి రండి. అలాగే ఎక్లిప్స్ మూసినా టామ్‌క్యాట్ వెనకాల నడుస్తుంటే జార్ ఫైళ్లు కదలవు. నోడ్ సర్వర్ ఆపకుండా ప్రాజెక్టు ఫోల్డర్ తీయాలన్నా అదే గతి. టాస్క్ మేనేజర్‌లో జావా, నోడ్ పేర్లు ఉన్నాయేమో చూసి ఆపండి.

మూడో పని: పట్టుకున్నది ఎవరో అడగండి

అన్నీ మూసినా పోకపోతే ఊహలతో టైమ్ వృథా చేసుకోకండి. ఎవరు పట్టుకున్నారో విండోసే చెబుతుంది. దానికి మూడు దారులున్నాయి. నాకు ఇష్టమైనది మొదట చెబుతాను.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే దొరుకుతుంది. అందులో 2022లో ఫైల్ లాక్‌స్మిత్ అనే సౌకర్యం చేర్చారు. ఇన్‌స్టాల్ చేశాక, పోని ఫైలు లేదా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే "అన్‌లాక్ విత్ ఫైల్ లాక్‌స్మిత్" అని మెనూలో వస్తుంది. నొక్కగానే ఆ ఫైలును వాడుతున్న ప్రోగ్రామ్‌ల పేర్లు వరసగా చూపిస్తుంది. పక్కనే ఎండ్ టాస్క్ బటన్ ఉంటుంది. ఏమీ కనిపించకపోతే అదే విండోలో అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ తెరిచే బటన్ నొక్కండి. వేరే యూజర్, సిస్టమ్ నడిపే ప్రాసెస్‌లు అప్పుడు బయటపడతాయి.

కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే విండోస్‌లోనే రిసోర్స్ మానిటర్ ఉంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో "అసోసియేటెడ్ హ్యాండిల్స్" అనే వరస ఉంటుంది, దాని పక్కన వెతికే పెట్టె. అందులో ఫైలు పేరులో కొంత భాగం టైప్ చేస్తే చాలు, పట్టుకున్నవాళ్ల పేర్లు వచ్చేస్తాయి.

మూడోది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. మా సపోర్ట్ పని చేసేవాళ్లందరికీ ప్రాణం లాంటిది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ వాటిని కొనేసింది కాబట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పైన ఫైండ్ మెనూలో "ఫైండ్ హ్యాండిల్ ఆర్ డీఎల్ఎల్" ఎంచుకుని ఫైలు పేరు వెతకండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రోగ్రామ్‌ను ఆపకుండా ఒక్క హ్యాండిల్‌ను మాత్రమే బలవంతంగా మూసే వీలుంది. చేయకండి. తన ఫైలు చేజారిందని ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. ఆ హ్యాండిల్ నంబరు తర్వాత ఇంకో ఫైలుకు దక్కవచ్చు. అప్పుడు పాత ఫైలు అనుకుని కొత్త ఫైలులో రాసేస్తుంది. ఒక ఫైలు తీయబోయి ఇంకో మంచి ఫైలు పాడుచేసుకుంటారు. ప్రోగ్రామ్‌ను మామూలుగా మూయడం ఎప్పుడూ మేలు, కుదరకపోతే ఎండ్ టాస్క్.

పట్టుకున్నది ఎక్స్‌ప్లోరరే అయితే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ కొట్టండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై తిరిగి వస్తుంది, కంగారు పడకండి. అయితే సిఎస్ఆర్ఎస్ఎస్, విన్‌ఇనిట్, ఎల్‌సాస్ లాంటి పేర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు. అవి విండోస్ గుండెకాయలు. ఆపితే నీలం తెర వచ్చో, దానంతట అదే రీస్టార్ట్ అయ్యో, సేవ్ చేయని పని అంతా పోతుంది.

నాలుగో పని: రీస్టార్ట్, షట్‌డౌన్ కాదు

"నిన్న రాత్రి షట్‌డౌన్ చేసి పడుకున్నా, పొద్దున చూస్తే మళ్లీ అదే" అంటారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని, డ్రైవర్లను పూర్తిగా మూయదు. ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకుని, పొద్దున మళ్లీ తెరుస్తుంది. రీస్టార్ట్ అలా కాదు, అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి రీస్టార్ట్ చేసి, ఇంకే ప్రోగ్రామూ తెరవకముందే డిలీట్ కొట్టి చూడండి.

అప్పటికీ పోకపోతే సేఫ్ మోడ్. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ క్లిక్ చేయండి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అని వరసగా వెళ్లి, వచ్చే పట్టికలో 4 నొక్కండి. అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకుంటుంది, మీ ఫైలును పట్టుకునే ప్రోగ్రామ్ అక్కడ చాలావరకు ఉండదు. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసి ఉంచే విండోస్ సౌకర్యం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి వెళ్లి ఆ కీ ఉందో లేదో ముందే చూసుకుని, అప్పుడే ఇందులోకి దిగండి. అక్కడిదాకా వెళ్లాక కీ లేదంటే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇంకో మంచి దారి ఉంది. సిస్‌ఇంటర్నల్స్‌లోనే మూవ్‌ఫైల్ అనే చిన్న పనిముట్టు ఉంటుంది. ఫలానా ఫైలును వచ్చే రీస్టార్ట్‌లో తీసేయమని అది రాసి పెడుతుంది. విండోస్ లేచేటప్పుడు, మిగతా ప్రోగ్రామ్‌లేవీ ఇంకా లేవకముందే ఆ చీటీ చదివి ఫైలును తీసేస్తుంది.

ఐదో పని: హక్కుల సమస్య అయితే

పాత ల్యాప్‌టాప్ పాడైపోతే దాని హార్డ్ డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్తదానికి తగిలిస్తాం. ఇక్కడి ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఆ కేసులు ఎక్కడ చూసినా దొరుకుతాయి. తగిలించాక కొన్ని ఫోల్డర్లు తెరుచుకోవు, పోవు. వాటి యజమాని పాత విండోస్‌లోని మీ పాత అకౌంట్. కొత్త విండోస్‌కు ఆ మనిషి ఎవరో తెలియదు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. పైన ఓనర్ పక్కన ఛేంజ్ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి. లోపలి ఫోల్డర్లకు కూడా ఓనర్‌ను మార్చే టిక్కు పెట్టి ఓకే కొట్టండి. తర్వాత మళ్లీ అదే చోటికి వచ్చి మీ పేరుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. ఇక డిలీట్ అవుతుంది. కమాండ్లు అలవాటున్నవాళ్లు టేక్‌ఓన్, ఐక్యాకల్స్ అనే రెండు కమాండ్లతో ఇదే పని చేయొచ్చు.

ఇది మీ సొంత ఫోల్డర్లకు మాత్రమే. విండోస్ ఫోల్డర్ మీద, ప్రోగ్రామ్ ఫైల్స్ మీద ఎప్పుడూ చేయకండి. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ పర్మిషన్ కావాలని వస్తే, అది విండోస్ తన కోసం దాచుకున్న ఫైలు అని అర్థం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకాయన ల్యాప్‌టాప్‌లో ఒక్క ఫైలు కోసం సీ డ్రైవ్ మొత్తానికి ఓనర్‌ను మార్చేశాను. ఆ తర్వాత స్టోర్ యాప్‌లు తెరుచుకోలేదు, అప్‌డేట్లు ఆగిపోయాయి. చివరికి డేటా అంతా బయటికి తీసి విండోస్ కొత్తగా వేయాల్సి వచ్చింది. ఆయన రెండు రోజుల పని నా వల్ల ఆగింది. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సీ డ్రైవ్ నిండిపోయిందని పెద్ద ఫైళ్ల కోసం వెతికేవాళ్లకు కూడా ఒక మాట. పేజ్‌ఫైల్ అనేది మెమరీకి తోడుగా విండోస్ వాడుకునేది, దాన్ని వదిలేయండి. హైబర్నేట్ కోసం విండోస్ పెట్టుకునే హైబర్‌ఫిల్ ఫైలు పెద్దగా ఉండి హైబర్నేట్ మీకు అవసరం లేకపోతే, పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేట్‌ను ఆఫ్ చేయండి, ఫైలు దానంతట అదే పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతో ఆగిపోతుందని గుర్తుంచుకోండి. పాత విండోస్ మిగిలి ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయకుండా, సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి పాత విండోస్‌కు టిక్కు పెట్టి తీసేయండి.

పొడుగు పేర్లు, వింత పేర్లు

నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌తో కుస్తీ పట్టినవాళ్లకు ఇది తెలుసు. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ అలా వెళ్లి, మొత్తం పాత్ 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లు చేతులెత్తేస్తాయి. తేలిక దారి, పై ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదించడం. ఇలా రెండు మూడు మారిస్తే పాత్ పొట్టిదైపోతుంది. లేదా సెవెన్‌జిప్ ఫైల్ మేనేజర్ తెరిచి, అందులో ఆ ఫోల్డర్‌ను ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ నొక్కండి.

అదీ కుదరకపోతే రోబోకాపీ. ముందు ఎక్కడైనా ఒక ఖాళీ ఫోల్డర్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో రోబోకాపీ అని కొట్టి, ఖాళీ ఫోల్డర్ పాత్, తర్వాత తీసేయాల్సిన ఫోల్డర్ పాత్, చివర స్లాష్ వేసి ఎం, ఐ, ఆర్ అక్షరాలు కొట్టండి. రెండోదాన్ని మొదటిదానిలాగే చేయమని దానర్థం, అంటే ఖాళీ చేయమని. రెండో చోట రాసిన ఫోల్డర్‌లో ఉన్నదంతా పోతుంది, రీసైకిల్ బిన్‌కు కూడా వెళ్లదు. ఎంటర్ కొట్టేముందు ఆ పాత్‌ను పైకి చదువుకోండి. పని అయ్యాక మిగిలిన ఖాళీ ఫోల్డర్లను మామూలుగా డిలీట్ చేయొచ్చు.

కాలేజీ రోజుల్లో "సీ, ఓ, ఎన్ అనే పేరుతో ఎవరూ ఫోల్డర్ చేయలేరు" అని ఒక ఫార్వర్డ్ తిరిగేది, గుర్తుందా? అందులో రహస్యం ఏమీ లేదు. విండోస్‌కు ముందటి డాస్ కాలంలో కన్సోల్‌కు, ప్రింటర్‌కు ఇచ్చిన పేర్లను విండోస్ ఇప్పటికీ వాటికే ఉంచింది. ఎక్కడి నుంచో అలాంటి పేరుతో ఫైలు వచ్చి పడినా, పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్నా, ఎక్స్‌ప్లోరర్ తికమకపడి దొరకలేదు అంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో డెల్ కమాండ్ తర్వాత పూర్తి పాత్‌ను కోట్స్‌లో రాసి, పాత్‌కు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్ చేర్చండి. పేరును సరిచూడకుండా, ఉన్నది ఉన్నట్టు తీసుకోమని చెప్పడం అది. ఫోల్డర్ అయితే డెల్ బదులు ఆర్‌డీ.

పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు పోకపోతే

మెమరీ కార్డు అడాప్టర్ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, ముందు అది చూడండి. లేదంటే సీహెచ్‌కేడీఎస్‌కే కమాండ్‌కు డ్రైవ్ అక్షరం, స్లాష్ ఎఫ్ ఇచ్చి ఫైల్ సిస్టమ్‌ను సరిచేయించండి. దానికి ముందే అవసరమైనవన్నీ కాపీ చేసుకోండి. ఏం చేసినా చదవడమే తప్ప రాయనివ్వకపోతే, ఆ పెన్‌డ్రైవ్ ఆయుష్షు తీరి తనంతట తాను లాక్ అయి ఉండవచ్చు. ఉన్నది కాపీ చేసుకుని కొత్తది కొనుక్కోవడమే. జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి, తీసేసినా మళ్లీ పుడుతుంటే మాత్రం అది నిజంగా వైరస్సే. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి స్కాన్ ఆప్షన్లలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. రీస్టార్ట్ అయి పావుగంట దాకా పడుతుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ను కూడా విడిగా స్కాన్ చేయండి.

"లాక్ అయిన ఫైళ్లు ఒక్క క్లిక్‌తో తీసేస్తాం" అనే ఉచిత ప్రోగ్రామ్‌లు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. చాలావాటితో పాటు అక్కర్లేని యాడ్‌వేర్ (ప్రకటనలు చూపించే ప్రోగ్రామ్‌లు) కూడా వచ్చి చేరుతుంది. పైన చెప్పినవాటితోనే పని జరుగుతుంది కాబట్టి వాటి జోలికి వెళ్లకండి.

ఇదంతా మీ సొంత ల్యాప్‌టాప్‌కు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మొదటి రెండు పనులు చేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. అక్కడితో ఆగి ఐటీ వాళ్లకు టికెట్ పెట్టండి. అందులో వచ్చిన మెసేజ్ ఫొటో, ఫైలు పూర్తి పాత్, మెసేజ్‌లో ప్రోగ్రామ్ పేరు ఉంటే అది, ఈ మూడూ రాయండి. అవతల కూర్చున్న నాలాంటివాడికి మీకు ఫోన్ చేసి అడగాల్సిన అవసరం ఉండదు, పని అదే పూట అయిపోతుంది.